ఒక్క నూలు తేడా

“కొలత నేను చెప్తా నాయనా. నువ్వు కోస్తే చాలు,” అంది కోమలి.

ఆదివారం మధ్యాహ్నం. రేణిగుంటలో వాళ్లింటి వరండాలో అవ్వ పీట తిరగేసి ఉంది. దాని నాలుగు కాళ్లలో ఒకటి తడికి కుళ్లిపోయింది. కోమలి నాన్న మునికుమార్ వడ్రంగి. కుళ్లినంత మేర, ముప్పావు అంగుళం, కోసి పారేశాడు. అంత ఎత్తూ మళ్లీ అతికించాలి.

అవ్వకు మోకాళ్ల నొప్పులు. నేల మీద కూర్చుంటే లేవలేదు. ప్లాస్టిక్ స్టూలేమో ఎత్తు ఎక్కువ, కాళ్లు ఆనవు. పాపం, మూడు రోజులుగా నిలబడే కూరలు తరుగుతోంది. సాయంత్రానికల్లా పీట తయారు కావాల్సిందేనని కోమలి పట్టుబట్టింది.

“మళ్లీ తడి తగలకుండా కింద రబ్బరు ముక్క ఎయ్యాల. అది ఒక నూలు మందం. అది పోను చెక్క ఎంతుండాల?” అడిగాడు నాన్న.

వడ్రంగుల లెక్కలో నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆరో తరగతి కోమలికి ఇదీ ఒక లెక్కేనా! నోటుబుక్కులో 3/4 – 1/8 అని చకచకా రాసింది. పైన మూడులోంచి ఒకటి పోతే రెండు. కింద ఎనిమిదిలోంచి నాలుగు పోతే నాలుగు. నాలుగింట రెండు, అంటే సగం.

“అర అంగుళం!”

“ఖాయమేనా?”

“ఖాయం!”

నాన్న చెక్క కోసి, రబ్బరు అంటించి, కాలికి బిగించాడు. “అవ్వా, రా! కూచో!” అని కేకేసింది కోమలి.

అవ్వ సంబరంగా వచ్చి కూర్చుంది. పీట టక్కున ఒక పక్కకు ఒరిగింది. అవ్వ హడలిపోయి నాన్న భుజం పట్టుకుంది.

“నాకీ పీటా వద్దు, ఏమీ వద్దు. నిలబడే తరుక్కుంటాలే,” అంటూ లోపలికి వెళ్లిపోయింది.

కోమలికి ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని దిగమింగి, మళ్లీ నోటుబుక్కు తెరిచింది.

“ఇంగొక్క ముక్కే ఉండాది. ఈసారి నేను సూస్తాలే,” అన్నాడు నాన్న.

“వద్దు నాయనా. నేనే.”

“అట్లయితే, ముప్పావులో ఎన్ని నూళ్లు ఉండాయో సూడు ముందు.”

కోమలి అంగుళానికి గుర్తుగా ఒక పొడుగాటి పట్టీ గీసింది. దాన్ని నాలుగు పావులు చేసింది. ఒక్కో పావును మళ్లీ రెండు చేసింది. మొత్తం ఎనిమిది నూళ్లు. ముప్పావులో ఆరు!

“పావులు వేరే, నూళ్లు వేరే నాయనా. నేను రెండూ కలిపేసినాను. అన్నీ నూళ్లు చేసినాకే తియ్యాల. ఆరులో ఒకటి పోతే ఐదు. చెక్క ఐదు నూళ్లు ఉండాల.”

నాన్న పాత ముక్కనూ, దాని కింది రబ్బరునూ ఊడదీసి రంపం అందుకున్నాడు.

“ఆగు నాయనా!”

చెక్క మీద ఐదు నూళ్ల దగ్గర గీత పెట్టింది. రబ్బరును పక్కన ఆనించి, రెండూ కలిపి టేపుతో కొలిచింది. సరిగ్గా ముప్పావు.

“ఇప్పుడు కొయ్యి.”

నాన్న బిగించాక కోమలి ఎవరినీ పిలవలేదు. తనే పీట మీద కూర్చుంది. ముందుకు వంగింది, వెనక్కి వాలింది, అటూ ఇటూ ఊగింది. పీట కదల్లేదు. అప్పుడు లోపలికెళ్లి అవ్వ చెయ్యి పట్టుకుంది.

“నేను కూచోని సూసినాను అవ్వా. ఇంగ నువ్వు రా.”

అవ్వ మనవరాలి ముఖంలోకి చూసింది. మెల్లగా వచ్చి, భయంభయంగా కూర్చుంది. కాస్త కదిలి చూసి, కాళ్లు చాపుకుంది.

“ఆ చిక్కుడుకాయల గిన్నె ఇట్లా తీసుకురా మే,” అంది.