భజన వేళకు అయిపోయే డేటా

పొద్దున్నే చాయ్ గ్లాసు పక్కన ఫోన్ పెట్టుకుని కూర్చోవడం గజానన్‌కు ఈ వారం పట్టుకున్న అలవాటు. మరాఠీ అయితే కూడబలుక్కుని చదువుతాడు గానీ ఇంగ్లీషు మెసేజ్‌లు అతనికి చదవరావు. అందుకే చిన్న కూతురు ప్రాచి గిన్నెలు కడగడం ముగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చేదాకా ఆగి, ఫోన్ ఆమె వైపు జరిపాడు.

"సదువు."

ప్రాచి చదివింది. తండ్రి ముందు ఆమె గొంతు ఎప్పుడూ సగమే బయటికి వస్తుంది. "అక్క నంబర్ మీద బయట దేశంల వాడే డేటా నిన్నటిది మొత్తం అయిపోయిందట, బాపు."

"ఎప్పుడొచ్చింది గీ మెసేజ్?"

"నిన్న సాయంత్రం. నువ్వు గుళ్లె ఉన్నప్పుడు."

"మొన్నటిది?"

"గది గూడ గప్పుడే."

గజానన్ చాయ్ ముట్టుకోలేదు.

పూనమ్ అతని పెద్ద కూతురు. నాందేడ్‌లో పాలిటెక్నిక్ చదివి, పుణెలో ఒక కంపెనీలో చేరింది. ఆ కంపెనీ ఆమెను, ఇంకొందరిని ట్రైనింగ్ కోసం మలేషియా పంపింది. చదువుకునే రోజుల్లో తండ్రి పేరు మీద తీసుకున్న సిమ్మే ఇప్పటికీ వాడుతోంది కాబట్టి, ఆ నంబర్ సంగతులన్నీ తెలంగాణ సరిహద్దు దగ్గరి ఇస్లాపూర్‌లో ఉన్న గజానన్ ఫోన్‌కు వస్తాయి. హోటల్లో వైఫై ఉంటుందని, ప్యాక్ ఏదో అవసరానికి దగ్గరుండాలని వేయించుకున్నానని పోయే ముందు పూనమే చెప్పింది. అవసరానికి దాచుకున్నది రోజూ సాయంత్రం కల్లా ఖాళీ అవుతోంది.

"గంత డేటా దేంతోని అయితదే, పోరి?" గడప దగ్గర బియ్యంలో రాళ్లు ఏరుతున్న రఖమాబాయి అడిగింది. గజానన్ తల్లి ఆమె. చెవులు కొంచెం మందమే గానీ ఇలాంటి మాటలు మాత్రం ఒక్కటీ పోనివ్వదు.

"వీడియోలు చూస్తే అయితది, ఆజీ," అనేసి ప్రాచి నాలుక కరుచుకుంది.

"వీడియోలు చూస్తుందా, వీడియోల మనిషిని చూస్తుందా?"

"అత్త, నువ్వు జర ఊకో," అంది సుమన పొయ్యి దగ్గర నుంచి. కానీ ఆమె చేతిలో రొట్టె తిరగడం ఆగిపోయింది.

ఇంట్లో ఈ అనుమానానికి ముందే నేల తడిసి ఉంది. ముఖేడ్ సంబంధం వాళ్లు చూడడానికి వస్తామన్న వారంలోనే పూనమ్‌కు ప్రయాణం పడింది. "ట్రైనింగ్ అయినంక చూద్దాం బాపు, ఇప్పుడొద్దు," అంది. గజానన్ "నీ ఇష్టం" అన్నాడు. కూతురితో అతను అన్న ఆఖరి మాట అదే. అప్పటి నుంచి ఆమె ఫోన్ చేస్తే సుమనకు అందిస్తాడు. ఏదైనా అడగాలనిపిస్తే గోడతో మాట్లాడినట్టు "తిన్నదా అడుగు" అంటాడు.

గజానన్ లేచి కండువా దులుపుకున్నాడు. "దాని సంగతి తేలేదాక నాందేడ్ కాలేజీ మాట ఇంట్ల ఎవ్వలు ఎత్తొద్దు. ఒకదాన్ని పంపి జూస్తున్న కద."

ఆ మాట అన్నది సుమనతోనే అయినా తగిలింది ప్రాచికి. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసై, నాందేడ్‌లో బీఎస్సీ చేరడానికి ఎదురుచూస్తోంది ఆమె. ఆ మాట తండ్రిని నేరుగా అడిగే ధైర్యం లేక, తల్లితో అడిగించి, ఆయన సరేనని తల ఊపిన రోజు సంతోషంతో అన్నం సరిగ్గా తినలేకపోయింది. ఆ తల ఊపు ఇప్పుడు వెనక్కి పోయింది.

ఊళ్లో సప్తాహం నడుస్తోంది. విఠలుడి గుళ్లో ఏడు రోజులూ వీణ కింద పెట్టకుండా ఊరివాళ్లు వంతులవారీగా భుజాన వేసుకుని నిలబడతారు. ఈసారి పందిరి, మైకులు, ఎదురుగా నిలబెట్టి లైవ్ పెట్టే ఫోన్, అన్నీ కొత్తవే. సాయంత్రం భజనకు మద్దెల లాంటి పఖ్వాజ్ వాయించేది గజానన్. ఫోన్ ఇంట్లో పెట్టి పోతాడు, రాత్రి వచ్చి చూసుకుంటాడు. పూనమ్‌కు చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడు గిట్టదు. ఇంట్లో సాధన చేస్తుంటే "బాపు, నాకు పరీక్షలున్నయి" అంటూ తలుపు వేసుకునేది.

మధ్యాహ్నం సుమన ఉండబట్టలేక పూనమ్‌కు ఫోన్ చేసింది. ప్రాచి పక్కనే కూర్చుని వింది.

"సాయంత్రం పూట ఏం జూస్తున్నవ్ బిడ్డ? బాపుకు మెసేజ్‌లు వస్తున్నయి."

అవతల పూనమ్ గొంతు తగ్గించింది.

"ట్రైనింగ్ వీడియోలమ్మ. హోటల్‌కు పోయేటప్పుడు బస్సుల చూస్తున్న."

"గవి హోటల్ల కూసోని చూడరాదా? ఆడ వైఫై ఉందంటివి."

"ఉంది గని... నువ్వు బాపుకేం చెప్పకు, అమ్మ."

"ఎందుకు చెప్పొద్దు?"

"ఊకెనే. మళ్ల చేస్త, ఉంట."

సుమన ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. "ట్రైనింగ్ వీడియోలైతే బాపుకు చెప్పొద్దని ఎందుకంటదే?" అంది. ప్రాచికీ అదే ముల్లు గుచ్చుకుంది.

చీకటి పడ్డాక ఆ ముల్లు ఇంకొంచెం లోపలికి దిగింది. పూనమ్‌తో పాటు మలేషియా వెళ్లిన శుభాంగి అనే అమ్మాయి స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టింది. బస్సులో అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. వెనక సీట్లో కిటికీ పక్కన పూనమ్ మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకుని ఉంది. ఆమె కూడా నవ్వుతోంది. కానీ అది స్నేహితురాళ్ల జోకులకు నవ్వే నవ్వు కాదు. ఎవరో కళ్ల ముందే ఉన్నట్టు, వాళ్లకు వినపడకుండా నవ్వుకునే నవ్వు.

ప్రాచి గబుక్కున ఫోటో మూసేసింది. ఎవరికీ చూపించలేదు. అక్కను కాపాడుతున్నానని తనకు తాను చెప్పుకుంది గానీ, పక్క మీద వాలాక కోపం వచ్చింది. నీ నవ్వుకు నా చదువు పోతుందక్కా అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గూ వేసింది, కోపమూ తగ్గలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే మెసేజ్. ఈసారి రఖమాబాయి చేట పక్కన పెట్టేసింది.

"గజ్యా, నీకు ఇంక సమజ్ కాలేదా? నువ్వు గుళ్లె కూసున్న యాల్లనే దాని డేటా అయితది. ఎందుకంటవ్? గప్పుడు నువ్వు ఫోన్ చెయ్యవు, ఎత్తవు. బాపు భయం లేని గంట అది."

గజానన్ తల్లి వైపు చూశాడు. ఆ మాట అతనికి సరిగ్గా అతికింది.

"ఇయ్యాల పట్టుకుంట," అన్నాడు. "భజన నడిమిట్ల లేచి వస్త. మీరెవ్వలు గుడికి రావద్దు, ఇంట్లనే ఉండున్రి. నేను రాంగనే ప్రాచి వీడియో కాల్ కలుపుతది. ఎవనితోని ఉందో దాని మొకంలనే తెలుస్తది."

"పఖ్వాజ్ ఇడిసిపెట్టి లేస్తవా?" సుమన నమ్మలేకపోయింది. "ఇన్నేండ్లల్ల ఎన్నడన్న నడిమిట్ల లేసినవా?"

"లేవలే. ఇయ్యాల లేస్త."

ఆ పగలంతా ప్రాచి ఫోన్ చేతిలోకి తీసుకుంటూ, పెడుతూ ఉంది. ఇవాళ సాయంత్రం జాగ్రత్త అక్కా అని ఒక్క ముక్క పంపితే సరిపోతుంది. టైపు కూడా చేసింది. పంపితే అక్క బతికిపోతుంది, నిజం మాత్రం ఎప్పటికీ తెలియదు. తెలియకపోతే తన నాందేడ్ దారి తెరుచుకోదు. ఆ అక్షరాలు ఒక్కొక్కటే చెరిపేసింది.

సాయంత్రం మైకులో భజన మొదలైంది. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లూ దీపం పెట్టుకుని కూర్చున్నారు. పఖ్వాజ్ దెబ్బలు ఇంటి దాకా స్పష్టంగా వస్తున్నాయి. ఒక అభంగం పాడడం అయింది. రెండోది సగంలో ఉండగా చప్పుడు తడబడింది, ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంది. అది తండ్రి చెయ్యి కాదని ప్రాచికి వెంటనే తెలిసింది.

కాసేపట్లోనే గజానన్ లోపలికి వచ్చాడు. నుదుట నల్లటి బుక్కా బొట్టు చెమటకు కరిగి ఉంది. మంచం మీద కూర్చున్నాడు.

"కలుపు."

ప్రాచి ఫోన్ అందుకుంది. ఆమె అక్క పేరు వెతుకుతుండగానే సుమన ఫోన్ మోగింది. పూనమ్.

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "స్పీకర్ పెట్టు," అంది రఖమాబాయి.

"అమ్మా, బాపుకు ఏమైంది?" పూనమ్ గబగబా అడిగింది. వెనక బస్సు చప్పుడు.

"ఏమైతది? ఏం కాలే. ఎందుకు గట్లడుగుతున్నవ్?"

"నడిమిట్లకెళ్లి లేచిపోయిండు. పఖ్వాజ్ కైలాస్ కాకకు ఇచ్చిండు. బాపు ఎన్నడన్న గట్ల లేస్తడా? చెయ్యి ఎక్కువ నొస్తుందా? ఎవలన్న ఎంబడి పోయిన్రా? పోవుడు కనబడ్డది, ఇంక మళ్ల కనబడ్తలేడు."

రఖమాబాయి మెల్లగా ప్రాచి మోచెయ్యి పట్టుకుంది. "ఇది ఆడుండి ఎట్ల జూసిందే?"

"గుళ్లె లైవ్ పెడుతున్నరు కద, ఆజీ," అంది ప్రాచి. చెబుతుంటేనే ఆమెకు అంతా అర్థమవుతోంది. "ఏ దేశంల ఉన్నా ఫోన్ల కనబడ్తది."

"నువ్వు రోజు గదేనా చూసేది?" సుమన అడిగింది.

"ఇంకేం జూస్త?" పూనమ్ ఏడుపు ఆపుకోలేదు. "నేను బస్సెక్కే యాల్లకు ఆడ భజన మొదలైతది. బాపు ఎదురుంగనే కూసుంటడు. నాతోని మాట్లాడ్తలేడు కదమ్మ. చూసుకుంటనన్న కూసుందమని."

"మరి బాపుకు చెప్పొద్దని ఎందుకన్నవ్?"

"తెలిస్తే గా ఫోన్ ఎదురుంగ కూసోడని."

సుమన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చి భర్త వైపు తిరిగింది. "చెయ్యంటుందేంది? ఏ చెయ్యి?"

జవాబు ఫోన్లోంచే వచ్చింది. "ఎడమ చెయ్యి. పఖ్వాజ్ ఎడమ దిక్కుకు గోధుమపిండి కణిక బాపే అద్దుకుంటడు కద. మొన్నటి నుంచి కైలాస్ కాకతోని అద్దిపిస్తుండు. పాట ఆగంగనే భుజం పట్టుకుంటుండు. ఊళ్లె ఉండి మీకెవ్వలకు కనబడ్తలేదా?"

వాళ్లకు కనిపించలేదు. గుళ్లో ఆడవాళ్లు కూర్చునేది వెనక. అక్కడి నుంచి గజానన్ వీపే కనిపిస్తుంది.

గజానన్ గొంతు సవరించుకున్నాడు. "ఎరువు సంచి ఎత్తంగ పట్టింది, ఏం లేదని చెప్పు దానికి..." అని గోడ వైపు చూస్తూ మొదలుపెట్టి ఆగిపోయాడు. కుడి చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు.

"పూనమ్."

"బాపు?"

"నేనే. చెయ్యి నొచ్చి లేవలేదు బిడ్డ." ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. "రోజు గా యాల్లకే నీ డేటా అయితుందని శక్ వచ్చింది. నువ్వు ఎవనితోనో మాట్లాడుతున్నవనుకున్న. పట్టుకుందమని లేచిన."

అక్క ఫోన్ పెట్టేస్తుందనుకుంది ప్రాచి.

"పట్టుకున్నవ్ కద బాపు," అంది పూనమ్. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతు. "దొరికిన కద."

గజానన్ కళ్లు తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తబోయి, అది లేవక, కండువాను కుడిచేత్తో లాక్కున్నాడు. "ముఖేడ్ వాళ్లను ఆగమని చెప్త. ఆగకుంటే వద్దు. నువ్వు నేర్చుకునేది మంచిగ నేర్చుకోని రా."

"వచ్చినంక కూసోని మాట్లాడుకుందం బాపు. నువ్వు మాట్లాడితే చాలు."

రఖమాబాయి ఫోన్ దగ్గరికి జరిగింది. తప్పు ఒప్పుకునే అలవాటు ఆమెకు లేదు. అందుకే మాట పక్కకు తిప్పి అడిగింది. "పోరి, నేను గూడ కనబడ్తనా గండ్ల?"

"కనబడ్తవ్ ఆజీ. ఎనుక వరుసల నిద్రపోతుంటవ్."

"నిద్ర గాదు, దేవుని ధ్యానం."

అందరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే సుమన ఏడ్చింది.

"కైలాస్ కాక తాళం ఎటో పోతుంది బాపు," అంది పూనమ్. "నువ్వు గుడికి పో."

గజానన్ లేచాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాడు. "ప్రాచి, నువ్వు రా. కణిక అద్దాలె."

దారిలో ప్రాచి నోటిదాకా ఒక మాట వచ్చి ఆగుతోంది. గుడి మలుపు దగ్గర బలవంతంగా బయటికి తోసింది.

"బాపు, నేను గూడ అక్క మీద శక్ పడ్డ."

"నేనే నేర్పిన గది నీకు." గజానన్ నడక ఆపలేదు. "సప్తాహం అయినంక నాందేడ్ పోదాం. భుజం డాక్టర్‌కు జూపిద్దం. గట్లనే నీ కాలేజీకి పోయి పేరు ఎక్కిద్దం. ఆడ ఏం అడగాలెనో నువ్వే అడుగు, నాకు రాదు."

గుళ్లో కైలాస్ ఇద్దరినీ చూసి, బరువు దిగినవాడిలా పఖ్వాజ్ అప్పగించి పక్కకు జరిగాడు. ప్రాచి తండ్రి పక్కన కూర్చుని తడి కణికను ఎడమ వైపు తోలు మీద గుండ్రంగా అద్దింది. అందరూ చూస్తున్నారని మెడ వంగిపోయినా, పని పూర్తయ్యేదాకా లేవలేదు. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు పోకుండా, చుట్టూ తిరిగి వచ్చి, లైవ్ పెట్టిన ఫోన్ స్టాండు పక్కన నిలబడింది.

గుళ్లో పఖ్వాజ్ వాయించే తండ్రిని ఆమె ఇన్నేళ్లుగా వెనక నుంచే చూసింది. ముఖం ఎలా ఉంటుందో ఇప్పుడే చూస్తోంది. వాయించబోయే ముందు గజానన్ టోపీ సరిచేసుకున్నాడు. ఫోన్ వైపు ఒక్కసారి చూశాడు. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. అంతలోనే సిగ్గుపడి, అచ్చం ప్రాచి తలదించుకున్నట్టే తల దించుకుని, మొదటి దెబ్బ వేశాడు.

తన సిగ్గు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ప్రాచికి ఆ రోజు తెలిసింది. ఇన్ని రోజులూ తండ్రి కోపమనుకున్నది కూడా ఆ సిగ్గేనని తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగి తండ్రి ముఖం మసకబారింది. వెంటనే తుడుచుకుంది, చూసేందుకు అడ్డొస్తున్నాయని.