గుడ్డ మాత్రమే కోసే కత్తెర

“ఆ కత్తెర కింద పెట్టు.”

పుష్పకుమారి గొంతు పెద్దదేమీ కాదు. అయినా నాటక శాఖ వర్క్‌షాపులో రంపం ఆగింది, సుత్తి ఆగింది. కిటికీ పక్క బల్ల మీద వంగి, రంగస్థలం నమూనా కోసం దళసరి అట్టను వంపుగా కోస్తున్న అర్జునరావు మాత్రం ఆగలేదు.

“ఒక్క నిమిసం. ఈ వంపు అయిపోతే ఇచ్చేత్తాను. బలే తెగతంది.”

“తెగుతుంది. అది గుడ్డ కత్తెర. ఇరవై రెండేళ్లుగా కాగితం మొహం కూడా చూడలేదది. నువ్వు అట్ట కోస్తున్నావు!”

“ఇనుముకి గుడ్డేటి, అట్టేటి?”

ఆ మాటతో ఆమె ముందుకొచ్చి కత్తెర లాక్కుంది. పదును మీద వేలు నడిపింది. కొసకు దగ్గరగా, ఆవగింజంత గాటు వేలికి తగిలింది. ఆమె ముఖంలో రంగు మారడం చూసి అర్జునరావు నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ కత్తెర ఆమె తండ్రి సుందర్ రాజ్‌ది. పాత పోస్టాఫీసు దగ్గర హార్బరు పనివాళ్లకు యూనిఫారాలు కుట్టే ఆయన, దుకాణంలో మరొకరి చేతికి దాన్ని ఇచ్చి ఎరుగడు. కూతురు రంగస్థల దుస్తుల డిప్లొమాలో చేరిననాడు మాత్రం తానే ఆమె చేతిలో పెట్టి, ఒక్క మాట అన్నాడు: “ప్రాక్టికల్ పాసయ్యావా, నీ చదువు నీది. తప్పావా, నా పక్క మిషను ఖాళీగానే ఉంది.”

ఆ ప్రాక్టికల్‌కు ఇక మూడు వారాలే గడువు. వేరే ఊరి నుంచి పరీక్షకుడు వస్తాడు. విద్యార్థులే తయారుచేసిన నాటిక చూసి మార్కులు వేస్తాడు. పడవ కోసం ఒడ్డున ఎదురుచూసే ఒక జాలరి స్త్రీ కథ అది. దుస్తులు పుష్పకుమారివి. వెనకాల సముద్రపు తెర అర్జునరావుది.

మర్నాడు అతను ఆమె బల్ల మీది కత్తెరను చెప్పకుండా తీసుకెళ్లి, పూర్ణామార్కెట్లో సాన పట్టించి, రుమాలులో చుట్టి తెచ్చాడు.

“గాటు పోదంట. సాన పట్టేవోడు సెప్పేడు. నాను...”

ఆమె రుమాలు విప్పి, కత్తెర తీసుకుని, రుమాలు మాత్రం బల్ల మీద వదిలి వెళ్లిపోయింది.

అది మొదలు ఇద్దరి మధ్య మాటల్లేవు. అతను రంగు డబ్బా కోసం ఇటు వస్తే ఆమె దారం కోసం అటు వెళ్లేది. అతన్ని చూడకూడదని ఆమె పెట్టుకున్న నియమం ఎంత గట్టిదంటే, అతను ఏ మూల నిలుచున్నాడో ప్రతిక్షణం తెలిస్తే తప్ప అది నిలిచేది కాదు.

ఇక్కడే ఇద్దరూ ఒక పొరపాటు చేశారు. గురువుగారు భీమశంకరరావు పెట్టిన నియమం ఒకటుంది. దుస్తుల ముక్కా, తెర రంగు ముక్కా ఒకే అట్ట మీద పక్కపక్కన గుచ్చి, చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. దాన్ని రంగుల అట్ట అనేవారు. ముందు అతను గుచ్చుతాడని ఆమె, ఆమె గుచ్చుతుందని అతను. రంగుల అట్ట గోడకు ఖాళీగానే వేలాడింది.

ఫలితం పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం బయటపడింది. దుస్తులు వేసుకుని నటీనటులు రిహార్సల్‌కు దిగారు. దీపాలు వెలిగాయి. నాయిక వేషం వేసిన అమ్మాయి సముద్రపు తెర ముందుకు నడిచి వచ్చింది.

హాల్లో ఎవరో పకపకా నవ్వారు. “ఒరే, తలకాయొకటీ ఈదుతోందిరా!”

నిజమే. పుష్పకుమారి ఎంతో వెతికి ఎంచుకున్న లేత నీలి చీరా, అర్జునరావు వారం రోజులు కలిపిన లేత నీలి సముద్రమూ ఒకటే రంగు. చీర నీళ్లలో కరిగిపోయింది. గాలిలో ఒక ముఖమూ రెండు చేతులూ మిగిలాయి.

భీమశంకరరావు కోప్పడలేదు. కోప్పడి ఉంటే నయమనిపించింది ఆమెకు. ఖాళీ రంగుల అట్టను మేకు నుంచి తీసి ఇద్దరి ముందూ పెట్టారు. “ఎవరో ఒకరు మార్చుకోండి. ఎవరన్నది మీరే తేల్చుకోండి. రేపు సాయంత్రం ఆరు గంటలకు తెర లేస్తుంది. దీని మీద రెండు ముక్కలూ లేకపోతే, రంగులు ఎంత బాగున్నా ఇద్దరూ తప్పినట్టే.”

బయట వాన పట్టుకుంది. మూడు వారాల తర్వాత అర్జునరావే ముందు నోరు తెరిచాడు.

“నా సంద్రం కడిగేత్తాను.”

“ఈ వానలో మళ్లీ పూసినా ఆరదు. ఒట్టి గుడ్డ వేలాడదీస్తావా? తప్పుతావు.”

“నాను తప్పితే ఏటకి పడవెక్కుతాను. నువ్వు తప్పితే మిషనెక్కుతావు. పడవంటే నాకిష్టమే. మిషనంటే నీకిష్టం నేదు గదా.”

ఆమె తలెత్తి చూసింది. నియమం తెగిపోయింది. అతని కనురెప్ప మీద నీలిరంగు చుక్క ఒకటి ఎండి ఉంది. తుడుద్దామా అన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

“నీ తెర కడగొద్దు,” అంది. “చీర రంగే మారాలి. కానీ ఏ రంగు? నీలం మీద ఏం నిలుస్తుంది?”

అతను రంగు డబ్బా మూత బిగించాడు. “మాయమ్మ పాత నూలు వలలకి తుమ్మచెక్క కాసి రంగేత్తాది. ఆ రంగు నీలాన్ని మింగేత్తాది. పొద్దున్నే రా.”

తెల్లవారేసరికి జాలారిపేటలో, తాటాకు పంచ కింద కుండ మరుగుతోంది. అర్జునరావు తల్లి గంగాలమ్మ పుష్పకుమారిని పైనుంచి కిందికి చూసింది.

“ఈ పిల్లేనేటిరా, కత్తెర పిల్ల?”

“అమ్మా!”

“నానేటన్నాను? మూడు వారాలు కూడు తిన్నవా, నిద్దరోయినవా? కత్తెర, కత్తెర అని ఒకటే గోల. నువ్వు ముంచమ్మా సీర, ఆడి మాటకేటి!”

పుష్పకుమారి తల వంచుకుని చీరా రవికా కషాయంలో ముంచింది. ఆవిరి కమ్మిందో, సిగ్గు కమ్మిందో, ముఖం వేడెక్కింది. మూడో మునకకు నీలం పోయి, తడి ఇసుక మీద ఆరేసిన వల రంగు వచ్చింది. అయితే మరిగే నీళ్లకు రవిక కుంచించుకుపోయింది. దాని చేతులు రెండూ బిగుసుకుపోయాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు ఇద్దరూ వానలో తడుస్తూ సుందర్ రాజ్ దుకాణం మెట్లెక్కారు. చీర ఆరాలంటే బొగ్గుల ఇస్త్రీపెట్టె కావాలి. రవికకు కొత్త చేతులు కావాలి. సుందర్ రాజ్ ఏమీ అడగకుండా చీర లోపలి చెరగు నుంచి జానెడు గుడ్డ కొలిచి, కూతురి సంచిలోంచి కత్తెర తీసి కోశాడు.

గుడ్డ అంచున ఒక పోగు లాగింది.

ఆయన చెయ్యి ఆగింది. మళ్లీ కోశాడు. మళ్లీ అక్కడే పోగు లాగింది.

“ఇది ఏటి కోసింది?”

“నాన్నా, అదీ... నేనే...”

“అట్ట కోసినాను మాస్టారూ,” అన్నాడు అర్జునరావు. “తనకి తెలీకుండా నానే తీసినాను.”

సుందర్ రాజ్ కళ్లద్దాల పైనుంచి చూశాడు. “ఎప్పుడు?”

“మూడు వారాలయ్యింది.”

“మూడు వారాల తరవాత వచ్చావా చెప్పడానికి?”

“తను నాతో మాటాడుంటే ముందే వచ్చేవోణ్ణి.”

సుందర్ రాజ్ కూతురి వైపు తిరిగాడు. “మూడు వారాలుగా నాతోనూ సరిగా మాట్లాడటం లేదు ఈవిడ. ఇదా సంగతి!” కత్తెరను దీపానికెత్తి గాటు చూశాడు. ఆయన కత్తెర పూర్తిగా తెరిచాడు. “గాటు కొస దగ్గరే ఉంది. మొదట్లో పెట్టి కోస్తే పోగు లాగదు. ఏటబ్బాయ్, అలా నిలబడ్డావేం? ఆ గుడ్డ కొస బిగించి పట్టుకో.”

అయిదున్నరకు రవిక తయారయింది.

తెర లేచింది. నీలి సముద్రం ముందు వలరంగు చీర కట్టిన స్త్రీ నిలబడింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. నాటిక ముగిసేదాకా ఆ చీర మీది నుంచి ఎవరి చూపూ తొలగలేదు.

పరీక్షకుడు వేదిక మీదికి వచ్చాడు. “ఈ రంగు ఎవరి ఆలోచన?”

పుష్పకుమారి అర్జునరావును చూపించింది. సరిగ్గా అదే క్షణంలో అర్జునరావు పుష్పకుమారిని చూపించాడు.

“మంచిది. మీ రంగుల అట్ట ఏది?”

చీర హడావుడిలో ఇద్దరూ అట్ట సంగతే మరిచారు. భీమశంకరరావు ముఖం గంభీరంగా ఉంది. “ఫలితం రాసేలోగా తెండి,” అని పరీక్షకుడు కుర్చీలో కూర్చుని కలం మూత తీశాడు.

అర్జునరావు పరుగున వెళ్లి తెర అడుగు అంచును చేత్తోనే చింపాడు. నీలిముక్క వచ్చింది. పుష్పకుమారి సంచిలోంచి రవిక చేతుల్లో మిగిలిన ముక్క తీసింది. దానికి నాలుగు వైపులా పోగులు వేలాడుతున్నాయి. సాపుగా కోయాలి. ఆమె కత్తెర తీసింది. ఒక్క క్షణం ఆగి, పిడి అతని వైపు తిప్పింది.

“నువ్వు కొయ్యి.”

అతను చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు, రెండుసార్లు. “నానా?”

“నువ్వే. గుడ్డ మాత్రమే.”

అతని కనురెప్ప మీది నీలిచుక్క వానకూ పోకుండా ఇంకా అలాగే ఉంది. ఆమె ఈసారి ఆలోచించలేదు. వేలితో తుడిచేసింది. అతను కత్తెర అందుకుని ముక్క అంచుకు ఆనించాడు.

నాటిక చూడడానికి వచ్చిన సుందర్ రాజ్ చివరి వరుసలో లేచి నిలబడ్డాడు. పరాయి చేతిలో తన కత్తెర! పుష్పకుమారి తండ్రి ముఖంలోకి చూడలేక రంగుల అట్ట వైపు చూసింది. ఆయన కుర్చీల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి వచ్చి, వేదిక కింద ఆగాడు.

“అలా కాదబ్బాయ్,” అన్నాడు. “బొటనవేలు ఇంకా లోపలికి పెట్టు.”