తేలూరి వడపొర

ప్రయోగశాలలో నూకరత్నం ఎక్స్‌రే కిరణపు శక్తిని కర్బనం పట్టుకునే చోటికి, అంటే కర్బనపు మెట్టు మీదికి, తెచ్చి ఆపింది. జనంలో ఒకరిని పేరు పెట్టి పిలిస్తే ఆ ఒక్కరే తిరిగి చూస్తారు కదా, ఆ శక్తి దగ్గర ఎక్స్‌రేకి కర్బనమే గట్టిగా పలుకుతుంది. పరీక్షకొచ్చిన వడపొరలో కర్బనపు గొలుసులు వరుసగా ఉంటే తెరమీద వెలుగు వలయం పడుతుంది. లేకపోతే ఉత్త మసక.

మసకే పడింది.

"అమరిక లేదు. వడపొర తిరస్కృతం," అంది ఫలితాలు తేల్చే యంత్రం, తీర్పరి. దాని గొంతులో జాలీ లేదు, కోపమూ లేదు. యంత్రానికి అవెందుకు!

వెనక కుర్చీలో ఎర్రన్న మాస్టారు కూలబడ్డాడు. సముద్రం మీద తేలే తేలూరులో ఆయన రసాయనశాస్త్రం చెబుతాడు. ఉప్పునీటిని మంచినీరు చేసే ఆ పొర ఆయన చేతిపనే. పాతవి చివికిపోయాయి. ఇది నెగ్గకపోతే సాయంత్రానికి ఓడలొచ్చి ఊరు ఊరంతా ఖాళీ చేయిస్తాయి.

"ఏటి తల్లీ, పోయినట్టేనా?"

"మాస్టారూ, మీ ఊళ్ళో ఇది ఎప్పుడైనా ఎండిందా?"

"సముద్రంలో ఎండడమేటి! పుట్టిందీ నీళ్ళలోనే, బతికేదీ నీళ్ళలోనే."

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. గాలి తీసేసిన శూన్యగదిలోకి చుక్క తడి పోకూడదని ప్రతి నమూనానూ ముందు ఎండబెట్టడం ఇక్కడి ఆచారం. ఎండితే గొలుసుల వరుస ముడుచుకుపోదూ! చేపను గట్టున పడేసి ఈతకు మార్కులు వేసినట్టుంది! కర్బనపు మెట్టు దగ్గర పలచని నీటిపొర ఎక్స్‌రేకి పెద్ద అడ్డేమీ కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, పెట్టి చూసినవాళ్ళే లేరు.

"ఇంకో ముక్క ఉందా?"

మాస్టారు సంచిలోంచి నీళ్ళ సీసా తీశాడు. నూకరత్నం అందులోని పొరను చిన్న ముక్క కోసి, తడితో సహా రెండు పలచటి రేకుల మధ్య బిగించింది.

"తడి నమూనా నిషిద్ధం," అంది తీర్పరి. "రేకు చిట్లితే తడి లోపలికి పోయి ఈ కిరణమార్గం నెల్లాళ్ళు మూతపడుతుంది. బాధ్యత ఎవరిది?"

"నాది."

"వద్దు తల్లీ, నీ ఉద్యోగం పోతాది," అన్నాడు మాస్టారు.

"ఊరి కంటే ఉద్యోగం ఎక్కువా? కూర్చోండి మీరు!" అని కసిరిందే గానీ, భయం లేదంటే అబద్ధం. రేకుల బిగింపు మరోసారి సరిచూసుకుంది.

కిరణం వదిలింది. రేకులు నిలిచాయి. తెరమీద అంచు చెదరకుండా గుండ్రంగా వలయం వెలిగింది.

"వచ్చేసింది మాస్టారూ!" అని గట్టిగా అరిచింది.

తీర్పరి రెండు ఫలితాలనూ తెరమీద పక్కపక్కన పెట్టింది. అది తీర్పు చెప్పకుండా తటపటాయించడం నూకరత్నం ఎన్నడూ చూడలేదు.

"ఒకే పొరకు రెండు ఫలితాలు. ఏది నిజమో నా నియమాల్లో లేదు."

"తడిదే నిజం. పొర నెగ్గింది. ఆ నియమం నేను రాస్తాను."

"అయితే ఇన్నాళ్ళూ ఎండబెట్టి తిరస్కరించిన తక్కిన పొరల మాట?"

"అన్నిటినీ వెనక్కి పిలిపించు. తడిపి చూద్దాం."

ఎర్రన్న మాస్టారు అప్పటికే ఊరికి ఫోను కలిపాడు. అవతల నుంచి ఎవరో "మాస్టారూ, ఏటయింది?" అని కేకలు పెడుతున్నారు.

"మనం ఎక్కడికీ పోనక్కర్లేదర్రా," అన్నాడు, ఏడుస్తూనే.