మూడో నంబరు సీసా

మునగాల దాటి కోదాడ పోయే తోవలో, హైవే దిగి కొంచెం లోపలికి పోతే ఒక గుంత ఉంది. పొద్దు గూకిందంటే అటు దిక్కు ఎవరూ పోరు.

ఒకప్పుడు అక్కడ మందుల ఫ్యాక్టరీ ఉండేది. ఈ కథ నాటికి మూతపడి ఆరేండ్లు. గేటు తుప్పు పట్టింది, గోడలు కూలాయి, గుంత మాత్రం మిగిలింది. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ కంపు నీళ్ళన్నీ దాంట్లోకే వదిలారు. నడి ఎండల్లో కూడా అది ఎండదు. కప్ప అరవదు. కొంగ వాలదు.

వాచ్‌మన్ తులసీరాం ఆ గట్టు మీదే పోయాడు. ఎట్లా పోయాడో ఎవరూ చూడలేదు. దగ్గి దగ్గి పోయాడన్నారు. అప్పటి నుంచే మొదలైంది... రాత్రిపూట గుంత కాడ దగ్గు వినబడుతుందని. ఒకసారి విన్నవాడికి జ్వరం. రెండుసార్లు విన్నవాడికి మంచం. మూడోసారి వినేదాకా — ఎవరూ అక్కడ ఆగలేదు.

సరోజన ఆగింది. రెండువేల పన్నెండులో, శివరాత్రి దాటినాక. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

సరోజనకు దెయ్యాలంటే భయమే. కానీ ఆ భయం కంటే పెద్దది ఒకటి ఆమె కడుపులో ఉండేది. దాని పేరు వసంత.

వసంత ఆమె యారాలు, మరిది పెళ్ళాం. అన్నదమ్ములు రోడ్డు పక్క భూమిని చెరి సగం పంచుకున్నారు. హైవే వెడల్పు చేసేటప్పుడు సర్వేవాళ్ళు వచ్చి రాళ్ళు పాతారు. రాయి వసంత చెలకలో పడ్డది. సరోజన గట్టుకు పన్నెండు అడుగుల అవతలే ఆగిపోయింది.

పన్నెండే అడుగులు!

రోడ్డుకు పోయిన భూమికి వచ్చిన పైసలతో వసంత ఇంటికి స్లాబు పడ్డది. స్లాబు మీద నల్ల ట్యాంకు. మెడలో కొత్త గొలుసు. వసంత కొడుకు పసుపు వ్యానెక్కి కోదాడ ఇంగ్లీషు బడికి పోతాడు. సరోజన బిడ్డ స్వర్ణ, పదేండ్లది, ఊరి బడికి నడుస్తూ ఆ వ్యానుకు చెయ్యి ఊపుతుంది. ఆ చెయ్యి ఊపినప్పుడల్లా సరోజనకు అన్నం సయించేది కాదు. "అక్కా, మా ఫ్రిజ్‌ల పాలు పెట్టుకోరాదూ" అని వసంత మంచిగానే పిలిచేది. గొలుసు చూపించడానికే పిలుస్తోందనిపించేది సరోజనకు.

అప్పుడు హైదరాబాదు నుంచి కృష్ణ సారు వచ్చాడు.

గుంతను శుభ్రం చేయాలట. ఎంత మన్ను తవ్వాలి, ఎన్ని లారీలకెత్తాలి, ఎన్నేండ్లు నీళ్ళు తోడి కడగాలి... అన్నీ లెక్కగట్టి అంచనా పంపడం ఆయన పని. పంపితే సర్కారు ఖర్చు పెడుతుంది. అంచనా కట్టాలంటే విషం భూమిలో ఎవరి బోరు దాకా పోయిందో తెలియాలి. బోర్లకు కరెంటు రాత్రి రెండింటికి గానీ రాదు. అప్పటిదాకా సారు ఉండలేడు. అందుకని గుంతకు దగ్గరున్న పన్నెండు ఇండ్లకు పన్నెండు సీసాలు పంచాడు. కరెంటు రాగానే ఎవరి బోరు నీళ్ళు వాళ్ళు నింపిపెట్టాలి, పొద్దున్నే వచ్చి తీసుకుంటాడు.

సరోజనకు మూడో నంబరు వచ్చింది.

సారు చెప్పిన అన్ని మాటల్లో జనం చెవికి ఒక్కటే ఎక్కింది — సర్కారు ఖర్చు పెడుతుంది.

"అప్పుడు రాళ్ళొచ్చినయ్, ఇప్పుడు సీసాలొచ్చినయ్, గంతే," అన్నాడు ఎదురింటి యాదగిరి, బీడీ ముట్టించి. "ఎవరి నీళ్ళల్ల ఇసముంటే వాళ్ళకు పైసలు."

సరోజన ఇంటి వెనక తొట్టి దగ్గరకు పోయింది. తన బోరు నీళ్ళు దోసిట్లో పట్టి చూసుకుంది. కొబ్బరినీళ్ళంత తేటగా ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

"గింత మంచి నీళ్ళకు ఎవడిస్తడు పైసలు?" అన్నది మొగుడు జానయ్యతో.

"నీళ్ళు మంచిగున్నయని ఏడ్సేదాన్ని నిన్నే సూస్తున్ననే," అని జానయ్య అటు తిరిగి పండుకున్నాడు.

గోడ అవతల వసంత నవ్వు వినబడింది. ఎందుకు నవ్విందో ఏమో. సరోజన సీసాను కొంగులో చుట్టింది.

చీకటి. అడుగు తీసి అడుగు వేస్తే ఎండుగడ్డి పటపటమంటోంది. గుంత దగ్గర పడేకొద్దీ వాసన... ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కే వాసన. కండ్లు మండాయి. గట్టెక్కింది. కింద నీళ్ళు కదలకుండా, నల్లగా...

ఖళ్... ఖళ్...

సరోజన ఎక్కడిదక్కడే నిలబడిపోయింది.

గట్టు కింద తెల్లగా ఏదో వంగింది. లేచింది. మళ్ళీ వంగింది.

ఖళ్... ఖళ్...

రెండోసారి.

"తులసీరామన్నా..." పెదవులే కదిలాయి. "నీ కాల్మొక్త... నాకొక్కతే బిడ్డ..."

తెల్లది ఆగింది. మెల్లగా ఇటు తిరిగింది. దాని మెడలో ఏదో తళుక్కుమన్నది.

ఆ గొలుసును సరోజన ఏ చీకట్లోనైనా గుర్తుపడుతుంది.

"వసంతా... నువ్వానే?"

"జర మెల్లగ, అక్కా!"

"రోడ్డు పైసలు సాలలేదా నీకు? ఇసం గూడ నీకే గావాల్నా?"

"నువ్వేమో తీర్థం పట్టుకపోను వచ్చినవా?"

"నాకేం లేదు గనుక వచ్చిన!"

వసంత సీసా మూత బిగించింది. నిండా ఉంది. సరోజన చెయ్యి దానంతట అదే ఆ సీసా మీదికి పోయింది. ఒకరు గుంజితే ఒకరు వదల్లేదు. ఇద్దరి ఊపిరీ బుసలు కొడుతోంది. చేతి గాజు పగిలి గుచ్చుకుంది, నెత్తురొచ్చింది, అయినా...

ఖళ్! ఖళ్! ఖళ్!

అవతలి గట్టు. మగగొంతు.

ఇద్దరూ అటు చూశారు. ఎవరూ కనబడలేదు. ఆ చీకట్లో నీళ్ళు మాత్రం బుడుబుడుమని గుటకేసినట్టు చప్పుడైంది.

వసంత సీసాను చంకన పెట్టుకుని ముందు ఉరికింది. వెనక సరోజన, ఒక్క చెప్పుతో. ఆమె సీసా ఆమె చేతిలోనే ఉంది... ఖాళీగా.

ఇల్లు చేరేసరికి కరెంటొచ్చింది. వెనక బోరు పోస్తోంది. మళ్ళీ గుంతకు పోయే గుండె లేదు. రోషంతో ఏడుస్తూ ఆ తేట నీళ్ళే సీసాలో పట్టింది. గొంతు మండుతుంటే నాలుగు దోసిళ్ళు తాగింది కూడా.

పొద్దున సారు సీసాలను ఒక్కొక్కటిగా వెలుతురుకెత్తి చూశాడు. డబ్బాలో సర్దుకుని పోయాడు. వసంత సీసా ఆ డబ్బాలో కనబడకుండా పోయేదాకా సరోజన దాన్నే చూసింది.

ఇరవై రోజులు ఆమెకు జ్వరం రాలేదు, మంచం పట్టలేదు. నిద్ర మాత్రం పోలేదు. "ఈసారి మిద్దె మీద ఇంకో అర్ర ఏస్తం" అని వసంత ఎవరితోనో అన్నదట. అది విన్న రోజు సరోజన పొయ్యి కూడా వెలిగించలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం సారు వచ్చాడు. నేరుగా వచ్చి సరోజన వాకిట్లో కూర్చున్నాడు. పన్నెండు ఇండ్ల వాళ్ళూ చేరారు.

"పదకొండు సీసాలల్ల ఒకటే నీళ్ళు," అన్నాడు. "గుంత నీళ్ళు! మీరంతా ఆ రాత్రి గాడ లైను కట్టినట్టున్నరు. ఈ లెక్కన అంచనా కడితే మీ ఊరు ఊరంతా తవ్వి లారీలకెత్తాలె!"

తల వంచుకున్న యాదగిరి దగ్గాడు. ఖళ్! ఖళ్! ఖళ్!

సరోజన, వసంత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవతలి గట్టు దగ్గు అదే! వసంతకు నవ్వాగలేదు. వాకిలంతా నవ్వింది. చచ్చిన తులసీరాం, పాపం, ఏమీ ఎరుగడు.

సారు నవ్వలేదు.

"మూడో నంబరు ఎవరిది?"

"నాదే సారూ." సరోజన ముందుకొచ్చింది. "నేను గుంతల పట్టలే. నా బిడ్డ మీద ఒట్టు. మా బోరు నీళ్ళే."

"తెలుసమ్మా." సారు లేచి ఆమెను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "పైనున్న నీళ్ళు ఎండకు, వానకు పలచబడినయి. భూమిలకు దిగింది పలచబడలే. అది వచ్చి మీ బోరు కింద ఆగింది. గుంతల ఉన్నదానికి మూడింతలుంది మీ సీసాల. రంగుండదు... వాసనుండదు. అంచనాల మొదటి పేరు మీదే రాసిన." ఇంటి లోపలికి చూశాడు. "ఇంట్ల ఎవరు తాగుతరమ్మా ఆ నీళ్ళు?"

గుసగుసగా చెప్పిన వాటిలో వసంతకు అందినవి రెండే మాటలు. మొదటి పేరు.

నవ్వు ఆగిపోయింది ఆమెకు. మొహం మాడింది. "ఈసారి నీకే వచ్చింది," అన్నది, పండ్లు నూరుతూ. "నీ రాత మంచిదే అక్కా!"

ఆ మాట కోసం సరోజన ఎన్నాళ్ళు ఎదురుచూసిందో. ఇప్పుడది చెవిలో పడలేదు.

ఒంటిపూట బడి నుంచి అప్పుడే వచ్చింది స్వర్ణ, ఎండన పడి, చెమటలు కక్కుతూ. జనం మధ్య నుంచి దూరి లోపలికి పోయింది.

లోపల బిందెలో చెంబు ముంచిన చప్పుడైంది.