దిగువపొర

మచిలీపట్నంలో ఉదయం ధూళి సైరన్ మోగగానే వీధుల్లో ఆరేసిన బట్టలన్నీ లోపలికి వెళ్ళిపోతాయి. పెద్దవాళ్ళు ముక్కులకు వడపోతలు తగిలించుకుని పనులకు బయలుదేరతారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న పిల్లలు గాజుగదుల్లో ఉండిపోతారు. వీధికొక గాజుగది ఉన్న ఊళ్ళో దాని గురించి ఇప్పుడెవరూ మాట్లాడుకోరు.

హైమావతి ఇంట్లోనూ ఒకటి ఉంది. అందులో ఆమె కూతురు సుహాస ఉంటుంది. పదేళ్ళ పిల్ల. ఇడ్లీ పళ్ళెం కిటికీ అరలోంచి లోపలికి తోసి, హైమావతి అద్దం ఇవతల కూర్చుంది. లోపల తెర మీద దావీదు కనిపించాడు. వాడిది నంద్యాల, వాడిదీ గాజుగదే.

"ముక్కాలుకి అరపావు కలిపితే నాలుగు బై పన్నెండు," అన్నాడు దావీదు.

"ఒరేయ్, పైవీ పైవీ, కిందవీ కిందవీ కలిపేస్తావేంట్రా? పులుసులో పాయసం పోసినట్టు!" సుహాస నవ్వింది. "అట్టుని ఎనిమిది ముక్కలు చెయ్యి. ముక్కాలు అట్టంటే ఆరు ముక్కలు. అరపావంటే ఒక్క ముక్క, అదీ కలుపు. ఎన్ని?"

"ఏడు... అబ్బా, నువ్వు చెప్తేనే అర్థమైతాది సుహాసా."

సుహాస ఇడ్లీ తుంచుకుంది. ఆ పూట ఇంకో మూడు లెక్కలు తనంతట తనే చేసింది.

ఈ జతబడిని తయారుచేసింది హైమావతి బృందమే. అంతకుముందు గొప్ప గొప్ప ఉపాధ్యాయులను తెర మీదికి తెచ్చారు. పాఠాలను బొమ్మలుగా, ఆటలుగా మార్చారు. ఒంటరి పిల్లలు కొన్నాళ్ళు చూసి, తర్వాత గోడ వైపు తిరిగి పడుకునేవారు. చివరికి హైమావతి ఒకటి గమనించింది. పక్కన తనకన్నా కాస్త తక్కువ తెలిసినవాడు ఉంటే పిల్ల లేచి కూర్చుంటుంది. అందుకని ఇద్దరిద్దరు పిల్లలను జత చేసి, మధ్యలో దిగువపొర అనే ప్రోగ్రామ్ పెట్టారు. ఒకరు చెప్పిన సరైన జవాబు రెండోవారికి చేరేలోపు అది చిన్న తప్పుగా మారిపోతుంది. గొంతు, పెదవుల కదలిక, పలక మీది రాత, ఆ తర్వాతి మాటలు అన్నీ ఆ తప్పుకు తగ్గట్టు కుదురుతాయి. రెండు వైపులా అంతే. ప్రతి పిల్లా తానే నేర్పుతున్నాననుకుంటూ నేర్చుకుంటుంది.

"మా నాన్న నాకెన్ని మార్కులొచ్చాయని ఎప్పుడూ అడగలేదండీ," అనేవాడు ఆమె సహోద్యోగి సత్తార్. "పక్కింటోడికి ఎన్నొచ్చాయని అడిగేవాడు. మనం కొత్తగా కనిపెట్టిందేముంది?"

పిల్లల ఊపిరితిత్తులకు ఇచ్చిన కొత్త మందు పనిచేసింది. వచ్చే నెలలో గాజుగదుల తలుపులు తియ్యొచ్చని, పిల్లలు మామూలు బడికి వెళ్ళొచ్చని డాక్టరు చెప్పింది.

"బడిలో పొర ఉండదు కదా సత్తార్ గారూ," అంది హైమావతి. "మా అమ్మాయి నలుగురిలో ఎలా ఇముడుతుంది?"

"ఇప్పుడే తీసెయ్యండి. అలవాటవుతుంది."

హైమావతి దావీదు వాళ్ళ నాన్నతో మాట్లాడి, మర్నాడు ఆ ఇద్దరి మధ్య పొర తీసేసింది.

సుహాస లెక్క చదవడం పూర్తికాకముందే దావీదు జవాబు చెప్పాడు. సరైనదే. రెండోదీ అంతే. సుహాస పలక కింద పెట్టింది.

"అమ్మా, వాడి వెనక ఎవరో ఉండి చెబుతున్నారు."

ఆ సాయంత్రం దావీదు వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. "మేడమ్, మీ పాప చూసి రాస్తాందంట. మావాడు అన్నం కూడా తినకుండా పండుకున్నాడు."

రెండో రోజు సుహాస తెర ఆన్ చెయ్యనివ్వలేదు. మూడో రోజు గోడ వైపు తిరిగి పడుకుంది. హైమావతి అద్దానికి దగ్గరగా జరిగి, ఉన్నదంతా చెప్పింది.

"అయితే వాడికి అన్నీ వచ్చా?"

"వచ్చు."

"నేను వాడికి మొద్దులా కనిపించానా?"

"అవును తల్లీ. ఇద్దరూ తెలివైనవాళ్ళే. ఇక ఇద్దరూ కలిసి చదువుకోవచ్చు."

సుహాస ఇటు తిరిగింది.

"పొర మళ్ళీ వెయ్యమ్మా."

"తెలిసిపోయాక అదెలా పనిచేస్తుందే?"

"తెలిసిందని గుర్తుచేసుకోనులే."

హైమావతి నంద్యాలకు ఫోన్ చేసింది. దావీదూ అదే అడుగుతున్నాడట. ఆమెకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పొర వేసి, గిన్నెలు కడుక్కుంది.

డాక్టరు చెప్పిన రోజున గాజుగది తలుపు తీశారు. బడి బస్సు వీధి మలుపులో ఆగి హారన్ కొట్టింది. కొత్త బూట్లు గుమ్మం దగ్గర ఉన్నాయి.

"బస్సొచ్చింది తల్లీ."

"అక్కడ అందరికీ అన్నీ వచ్చేస్తాయమ్మా," అంది సుహాస మంచం మీంచి కదలకుండా. తెర ఆన్ చేసింది.

బస్సు కాసేపు ఆగి వెళ్ళిపోయింది. తెర మీద దావీదు లెక్క తప్పు చేశాడు. "అలా కాదురా, చూడు," అంటూ సుహాస ముందుకు వంగింది. నంద్యాలలో, తలుపు బార్లా తీసిన మరో గాజుగదిలో, "అట్లా కాదు సుహాసా, మళ్ళా చూడు," అంటున్నాడు దావీదు, ఎంతో ఓపిగ్గా.

ఇద్దరూ లెక్క సరిగ్గానే చేశారు.