వెనక్కి చూడకూడని బాయి

మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీ వెనుక, జిన్నారం బాటకు ఓరగా ఒక బాయి ఉంది. చీకటి పడితే అటు ఎవరూ పోరు. షిఫ్టు దిగినవాళ్లు కూడా సైకిళ్లు మళ్లించుకొని ఊరు చుట్టి పోతారు. బాయి గడ్డ మీద రెండు తలల దెయ్యం కూర్చుంటుందట... ఒక తల గుసగుసలాడుతుంటే ఇంకో తల ఉలకదు పలకదట.

ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లోనే ఆ నీళ్లు పసుపుపచ్చగా మారాయి. బర్రెలు మూతి పెట్టడం మానేశాయి. అప్పుడు ఎవరికీ భయం వేయలేదు. ఫ్యాక్టరీ పోయి, వాచ్‌మన్ కూడా పోయాక ఊరికి దెయ్యం గుర్తొచ్చింది.

మొగులమ్మ బిడ్డ నాగేశ్వరి పదో తరగతి. ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి తిండి మానేసింది. తల దువ్వుకోవడం మానేసింది. పిలిస్తే పలకడం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. సాయంత్రం చెంబు పట్టుకొని బయటికి పోతే, ఎప్పటికో గాని తిరిగొచ్చేది కాదు.

బాయికాడి గాలి సోకిందని ఊళ్లో దెయ్యాలు వదిలించే సంగయ్య తేల్చాడు. సంగయ్య లెక్కలో ఏ రోగమైనా గాలే. తనకు జ్వరమొస్తే మాత్రం పటాన్‌చెరు పోయి సూది వేయించుకుంటాడు. పిల్లకు తాయెత్తు కట్టాడు. వేపమండలతో కొట్టాడు. నీ పేరేందో చెప్పమని గద్దించాడు. నాగేశ్వరి అని చెప్పింది. దెయ్యం అబద్ధమాడుతున్నదని ఇంకో నాలుగు తగిలించాడు. చుట్టూ నిలబడ్డ పెద్దమనుషులంతా తలలూపారు.

ఇగ ఆఖరి మందు — కుంకుమ బువ్వ. విస్తరిలో ఎర్రటి అన్నం, నిమ్మకాయ, కోడిగుడ్డు పెట్టి బాయి గడ్డ మీద దించి రావాలి. ఇంటివాళ్లు మోయకూడదు, వాడకట్టు ఆడవాళ్లే మోయాలి. దించినాక వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఆ గాలి చూసినవాళ్ల ఇంట్లో దూరుతుంది.

వాడకట్టంతా వంతులేసుకొని మోసింది. ఒక్కరూ వెనక్కి చూడలేదు. అదేదో ఘనకార్యమైనట్టు నల్లా కాడ చెప్పుకున్నారు. తెల్లారేసరికి విస్తరి ఖాళీ అయ్యేది. దెయ్యం తిన్నదని సంగయ్య అనేవాడు. ఫ్యాక్టరీ కాడి కుక్కలు మాత్రం నున్నగా తేలాయి.

అమాస నాడు సుమిత్ర వంతు వచ్చింది.

సుమిత్ర బిడ్డ స్వరూపా, నాగేశ్వరీ చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ. గాలి సంగతి తెలిసిన రోజే, ఆ ఇంటి గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానని సుమిత్ర చెప్పేసింది. స్వరూప ఎదురు చెప్పలేదు. సాయంత్రాలు బుద్ధిగా కుట్టుమిషన్ నేర్చుకోవడానికి పోయేది. సుమిత్రకున్న చికాకల్లా ఒకటే... గంపలో రోజూ ఒక జొన్నరొట్టె మాయమయ్యేది. పిల్లిని తిట్టిపోసేది.

కరెంటు పోయింది. చేతిలో విస్తరి, సంకలో టార్చి. ఫ్యాక్టరీ గోడ పొడుగునా రంగు మందుల వాసన. గడ్డ ఈ కొసన తలొంచుకొని విస్తరి దించి, సుమిత్ర వెనుదిరిగింది.

అప్పుడు — వెనుక నుంచి...

“ఒక్క ముక్క... ఒక్క ముక్కనే. నేను చూడను, నువ్వు తిను.”

ఎరిగిన గొంతు విని సుమిత్ర ఆగిపోయింది. దెయ్యాలు మనవాళ్ల గొంతుతోనే పిలుస్తాయని సంగయ్య చెప్పి పంపాడు. ఎదురుగా బాట ఖాళీగా ఉంది. పోతే ఎవరూ ఏమీ అడగరు. అందరూ పోయినట్టే పోవచ్చు...

తిరిగి చూసింది.

గడ్డ ఆ కొసన — రెండు తలలు.

టార్చి వెలుగులో ముందు జొన్నరొట్టె కనబడింది. దాన్ని పట్టుకున్న చెయ్యి స్వరూపది. పక్కన మోకాళ్ల మీద తల పెట్టుకొని నాగేశ్వరి. ఇద్దరి ఓణీ కొంగులు కలిపి ముడేసి ఉన్నాయి.

కుట్టుమిషనంటే ఇదా అని సుమిత్ర పళ్లు కొరికింది. ఇంటికి పద అంది. స్వరూప కదలలేదు. ఆ ముడేందే అని అడిగింది సుమిత్ర.

“అది లేస్తే నాకు తెల్వాలె గదమ్మా.”

గడ్డకు అవతల బాయి. నల్లగా, చప్పుడు లేకుండా.

“ఇయ్యాల లేసింది,” అంది స్వరూప మెల్లగా.

సుమిత్ర టార్చిని బాయి మీదికి తిప్పింది. అన్ని విస్తర్లు వచ్చాయి ఈ గడ్డ మీదికి. అందరూ దించిపోయారు.

నాగేశ్వరి తలెత్తింది.

“చిన్నమ్మా... నువ్వు ఎనక్కి మర్రి చూసినవ్. గింతమంది వచ్చి పోయిన్రు... ఒక్కలు గూడ చూడలే.”

సుమిత్ర చెప్పులు విడిచి, బాయికీ ఆ పిల్లకూ నడుమ కూర్చుంది. నాగేశ్వరి రొట్టె ముక్క తినేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు.

తెల్లారి మొగులమ్మను వెంటబెట్టుకొని, పిల్లను సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. ఇది మనసుకొచ్చే జబ్బే, మందులున్నాయి, టైం పడుతుంది, ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ చెప్పింది. అంతమాత్రం చెప్పేవాళ్లు ఊళ్లో లేకపోయారు.

ఇప్పుడు నాగేశ్వరి కొన్ని రోజులు తింటుంది. కొన్ని రోజులు మళ్లీ గోడ వైపు తిరుగుతుంది. సాయంత్రాలు మాత్రం సుమిత్ర ఇంట్లోనే, స్వరూప కొంగుకు ముడిపడి.

వెనక్కి చూసింది గదా, గాలి సుమిత్రను పట్టిందని సంగయ్య చెబుతున్నాడు. ఊరికి అది బాగా నచ్చింది. చీకటి పడితే ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ పోవడం లేదు. అరుగు మీద మూడు తలల దెయ్యం కూర్చుంటుందట.

చెప్పుకోనీ.

ఆ ఓణీల ముడి విప్పే ధైర్యమే... సుమిత్రకు ఇంకా రాలేదు.