పక్క సెక్టారు అబ్బాయి

అక్షరాలు నాకు పెద్దతనంలో వచ్చాయి. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. నిదానంగా రాశాను, మీరూ నిదానంగానే రండి.

ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని విమానాలకు దారి చెప్పే కేంద్రం అది. ఒక్కో ముక్కను సెక్టారు అంటారు. హద్దు దాటే విమానాన్ని పక్క సెక్టారు వాళ్లు సరేనంటేనే పంపాలి. పడమటి సెక్టారులో కొత్తగా చేరిన అమ్మాయికి ఆ పక్కవాడితోనే చిక్కొచ్చిపడింది.

"ఇప్పుడు పంపకండి. నా దగ్గర జాగా లేదు," అనేవాడు అతను, విమానాలు చుక్కల్లా కనిపించే తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఆకాశం మీ సొంతమా?"

"డ్యూటీ దిగేదాకా సొంతమే."

ఆమె మూతి ముడుచుకునేది. క్యాంటీన్‌లో మాత్రం అతను బిస్కెట్లన్నీ ఆమె వైపే జరిపేవాడు. ఆమె తినేది, మాట్లాడేది కాదు.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. ఒకసారి తప్పింది, ఈసారీ తప్పితే ఆ కుర్చీ ఇక ఆమెది కాదు. వెనకాల పరీక్ష పెట్టే మేడమ్ హెడ్‌సెట్‌తో కూర్చున్నారు. ఆవిడ కల్పించుకుని ఒక్క విమానానికి దారి చెప్పాల్సి వచ్చినా పరీక్ష పోయినట్టే.

సరిగ్గా అప్పుడే ఉరుముల మబ్బు దారికడ్డం పడింది. పక్కకు తప్పుకుంటామంటూ పైలట్లందరూ ఒకేసారి అడగసాగారు.

పక్క సెక్టారు లైన్లో అతని గొంతు వినిపించింది. "అన్నీ నాకు పంపెయ్యండి. తీసుకుంటాను."

ఎన్నడూ లేని మాట. పంపేస్తే గట్టెక్కినట్టే. కానీ ఆమె ముందు తెర మీద అతని ఆకాశం చూసింది. అప్పటికే కిక్కిరిసి ఉంది. మబ్బు కూడా అటే కదులుతోంది.

"వద్దు. ఒక్కటే పంపుతా. మిగతావి నా దగ్గరే తిరుగుతాయి."

"మరి మీ పరీక్ష..."

"అది నేను చూసుకుంటా. మీ తెర మీరు చూసుకోండి."

ఒక్కో విమానాన్ని ఒక్కో ఎత్తులో గుండ్రంగా తిప్పింది. మబ్బు తొలగాక వరసగా దారిలో పెట్టింది. గది మొత్తం చప్పట్లు కొట్టింది.

మేడమ్ హెడ్‌సెట్ తీశారు. "నాకు పనే పెట్టలేదమ్మా. పాసయ్యావు." అని అతని వైపు తిరిగారు. "నువ్వేంటి నాయనా, ఎవరి మెప్పు కోసం? ఆ అమ్మాయి సరేనని ఉంటే నీ గతి ఏమయ్యేది?"

బయట వాన మొదలైంది. మెట్ల దగ్గర అతను తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ కాదన్నది తెర చూసి. ఇవాళ సరేనన్నది మిమ్మల్ని చూసి. అదే తప్పయింది."

"తప్పే. రేపట్నుంచి మొహమాటపడకుండా కాదనండి."

"పెళ్లికి మీరు కాదంటారేమోనని భయంగా ఉంది."

ఆమె వానలోకి చూసి నవ్వుకుంది. "ఇంటికొచ్చి అమ్మమ్మను అడగండి."

ఆ సాయంత్రమే వచ్చాడు, తడిసిన చొక్కాతో. అడగాల్సింది మరిచిపోయి మంచినీళ్లు అడిగాడు.

గ్లాసు అతని చేతికిచ్చి, "నేను సరేనన్నాను అమ్మమ్మా, ఇక నువ్వే చెప్పాలి," అంది ఆమె.

చెప్పకుండా ఉంటానా?

ఇట్లు,
ఆ అమ్మమ్మను. వయసు డెబ్బై మూడు. ఇప్పుడు ఉండేది వాళ్లిద్దరి ఇంట్లో, మేడ మీది గదిలో.